పగటి ఎండను రాత్రికి దాచిపెడుతున్న గోడలు

ప్రొద్దుటూరు సందుల్లో నిద్ర కరువు - జమ్మలమడుగులో బండల సెగ - పులివెందులలో తోటల దాకానే చలువ

(మా విలేఖరి)

ప్రొద్దుటూరు: రాత్రి పదిన్నర అయింది. గాంధీ రోడ్డులో అంగళ్లు మూతపడ్డాయి. పొద్దు గూకి నాలుగు గంటలు కావస్తోంది. అయినా రోడ్డు వారనున్న మేడ గోడకు అరచెయ్యి ఆనిస్తే, పొయ్యి మీద నుంచి దించి కాసేపయిన సంగటి కుండను తాకినట్టు వెచ్చగా తగులుతుంది. పక్క సందులోకి తిరిగితే నడవడానికి దారి లేదు. వాకిళ్ల ముందు మంచాలు, మంచాలు చాలనిచోట చాపలు, చాపలు లేనిచోట తడిపిన గోనెపట్టలు. చంటిబిడ్డల తల్లులు విసనకర్రలతో విసురుతూ కూర్చున్నారు. ఒక ముసలమ్మ చెంగు తడిపి మెడకు చుట్టుకుని గడప మీద చేరగిలబడింది. "పగలంటే పని మరుపులో పోతాది నాయనా, ఈ రేత్రి పొయ్యేదెట్ల?" అని ఆమె ఈ విలేఖరినే ఎదురు ప్రశ్న వేసింది.

అక్కడి నుంచి బండి మీద బయలుదేరి రామేశ్వరం మీదుగా పెన్న ఒడ్డుకు చేరేసరికి సంగతి వేరుగా ఉంది. ఏటిలో నీళ్లు లేవు. ఉన్నదల్లా ఇసుక, అక్కడక్కడా కంపచెట్లు. మధ్యాహ్నం కాలు పెట్టనివ్వని ఆ ఇసుక రాత్రికి పైపొర చల్లబడింది. నలుగురు కుర్రవాళ్లు తువ్వాళ్లు పరచుకుని నిద్రపోతున్నారు. ఒకే ఊరు, ఒకే రాత్రి. సందులో మేలుకుని ఉన్నవారికీ, ఏటి ఒడ్డున నిద్రపోతున్నవారికీ మధ్య ఉన్నది కొద్దిపాటి దూరమే.

మరునాడు పత్రికలో మాత్రం ప్రొద్దుటూరుకు ఒకే అంకె అచ్చవుతుంది. అది కూడా పగటి అంకె. అలాంటి అంకెలు పంపేవారిలో ఈ విలేఖరి కూడా ఒకడు. ఆ అంకె అబద్ధం కాదు గానీ, గడప మీద కూర్చున్న ముసలమ్మ సంగతి అందులో లేదు.

లండన్‌లో చూసినదే మన సందుల్లో

ఊరి నడుమ రాత్రిపూట ఊరి బయటికంటే వేడి ఎక్కువగా నిలిచి ఉండటాన్ని శాస్త్రజ్ఞులు పట్టణ ఉష్ణ ద్వీపం అంటున్నారు. చుట్టూ చల్లబడిన నేల సముద్రం లాంటిదైతే, మధ్యలో చల్లబడని ఊరు దీవి లాంటిదన్నమాట. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మబ్బులకు పేర్లు పెట్టిన లూక్ హోవార్డ్ అనే ఆయన లండన్ నగరంలోనూ, వెలుపల పల్లెలోనూ ఉష్ణమాపకాలు చూసి, నగరంలో రాత్రులు ఎక్కువ వెచ్చగా ఉన్నాయని 1818లోనే పుస్తకం వేశాడు. అప్పటికి మోటారు లేదు, కరెంటు లేదు.

అది లండను, మనది ప్రొద్దుటూరు అని తోసిపుచ్చడానికి వీలులేదు. కెనడాలో ఓక్ అనే శాస్త్రవేత్త వెయ్యి మంది జనాభా గల చిన్న ఊళ్లు మొదలుకొని ఇరవై లక్షల నగరం దాకా పరిశీలించి, చిన్న ఊళ్లలో కూడా ఈ తేడా కనబడుతుందనీ, జనం పెరిగేకొద్దీ అది పెరుగుతుందనీ 1973లో తేల్చాడు. 2011 జనాభా లెక్కల నాటికే ప్రొద్దుటూరు పట్టణ జనాభా లక్షా 60 వేలు దాటింది. పులివెందుల 65 వేలు దాటగా, జమ్మలమడుగు 46 వేల ఊరు. ఈ మూడూ ఆ లెక్కలోకి వచ్చేవే.

వేడి నిలిచిపోవడానికి కారణాలు కంటికి కనబడేవే. సిమెంటు, ఇటుక, రాయి పగలంతా ఎండను తాగి లోపల దాచుకుంటాయి. కొత్తగా వేసిన తారురోడ్డు తన మీద పడిన ఎండలో నూటికి 90 పాళ్లకు పైగా మింగేస్తుంది. పొద్దు గూకిన తర్వాత ఈ వేడి ఆకాశంలోకి పోవాలి. విశాలమైన మైదానంలోనైతే నేలకు ఆకాశమంతా ఎదురుగా ఉంటుంది గనుక వేడి తొందరగా వెళ్లిపోతుంది. ఇరుకు సందులో నిలబడి తల ఎత్తి చూస్తే కనిపించేది గజం వెడల్పు ఆకాశం. ఈ గోడ వదిలిన వేడిని ఆ గోడ పట్టుకుంటుంది, ఆ గోడ వదిలినదాన్ని ఈ గోడ పట్టుకుంటుంది.

ఇక తడి సంగతి. ఒక లీటరు నీరు ఆవిరైపోవడానికి సుమారు 580 కిలోకాలరీల వేడి కావాలి. అదే లీటరు నీటిని కుండలోని వెచ్చదనం నుంచి మరిగేదాకా కాయడానికి 70 చాలు. అంటే చెట్టు ఆకుల నుంచీ, తడి నేల నుంచీ ఆవిరయ్యే ప్రతి చెంబు నీరూ తనతోపాటు ఎంతో వేడిని ఎత్తుకుపోతుందన్నమాట. వీధంతా సిమెంటు పోసి, వాకిలిలో కూడా మట్టి కనబడకుండా బండలు పరిచిన తర్వాత ఆవిరి కావడానికి ఏమీ మిగలదు. సాయంత్రం వాకిట కల్లాపి చల్లడం పెద్దలు ఊరికే పెట్టిన అలవాటు కాదు.

పైసలున్న ఇళ్లలో ఏసీలు వచ్చాయి. ఏసీ చలువను పుట్టించదు. గదిలోని వేడిని తీసి, తాను తాగిన కరెంటు వేడిని కూడా దానికి కలిపి, వీధిలో పోస్తుంది. దాని మూతి ఎదురింటి కిటికీ వైపు ఉంటే ఆ ఇంటివారి సంగతి చెప్పనక్కరలేదు.

వడగాడ్పు, వేడి గోడ కలిస్తే

వడగాడ్పు అంటే ఏమిటో భారత వాతావరణ శాఖ లెక్క కట్టి పెట్టింది. మైదాన ప్రాంతంలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలుండి, ఆ కాలంలో మామూలుగా ఉండేదానికంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు. 6.4 డిగ్రీలు మించితే తీవ్రమైన వడగాడ్పు. మామూలుతో నిమిత్తం లేకుండా 45 డిగ్రీలు తాకితే వడగాడ్పు, 47 తాకితే తీవ్రం. ఇక్కడొక చిక్కుంది. మన జిల్లాలో మే నెలలో మామూలే 40కి అటూ ఇటూ ఉంటుంది. కనుక 43 డిగ్రీల ఎండలో రోడ్డు పని చేస్తూ మనిషి కూలిపోయినా, లెక్క ప్రకారం ఆనాడు వడగాడ్పు లేకపోవచ్చు.

పైగా ఆ 43 కొలిచేది నీడలో. నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే సందులున్న తెల్లని పెట్టెలో, బయలు ప్రదేశంలో పెట్టిన ఉష్ణమాపకం చెప్పే అంకె అది. ఎండలో నిలబడ్డ కూలీకీ, కాలిన రేకు కింద కూర్చున్న మనిషికీ తగిలే వేడి అది కాదు. ఇప్పుడు మండలాల్లో స్వయంచాలక వాతావరణ కేంద్రాలు వచ్చాయి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ముందురోజే హెచ్చరికలు కూడా ఇస్తోంది. మంచిదే. కానీ మండలానికి చెప్పే అంకె సందుకు వర్తించదు.

వడగాడ్పుల రోజుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. గోడలు దాచుకోవడానికి ఎండ పుష్కలం. చాలాసార్లు రాత్రికి గాలి స్తంభిస్తుంది. దాచుకున్న వేడిని ఊడ్చుకుపోయేవారు ఉండరు. ఈ రెండూ కలిసిన రాత్రులే ఊరి నడుమకూ, ఊరి బయటకూ తేడా బాగా పెరిగే రాత్రులు. మరునాడు తెల్లవారేసరికి గోడ పూర్తిగా చల్లారకముందే మళ్లీ ఎండ తగులుతుంది. మొదటి రోజు బాకీ తీరకముందే రెండో రోజు అప్పు చేసినట్టు, మూడో రోజుకు ఇల్లు ఇల్లంతా కుంపటి అవుతుంది.

మనిషి గుండె పగలంతా చర్మానికి ఎక్కువ రక్తం పంపుతూ, చెమట పట్టిస్తూ శరీరాన్ని 37 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి పాటుపడుతుంది. దానికి విశ్రాంతి రాత్రే. రాత్రి కూడా పడకగది చల్లబడకపోతే ముసలివారికీ, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ మూడో నాడు, నాలుగో నాడు ముప్పు వస్తుంది. గాలి మరీ వేడెక్కి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను కూడా వేడిగాలినే ఒంటి మీదికి తోస్తుంది. ఒంటి మీద తడిగుడ్డ ఉంటేనే అప్పుడు ఫ్యాను పనికివస్తుంది.

1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరంలో 700 మందికి పైగా, 2003 ఆగస్టులో ఫ్రాన్సు దేశంలో సుమారు 15 వేల మంది వేడికి చనిపోయారు. ప్యారిస్‌లో కప్పు కిందనే ఉండే పై అంతస్తు గదుల్లో నివసించే ముసలివారికి ముప్పు ఎక్కువగా ఉన్నట్టు తర్వాత విచారణలో తేలింది. మన దగ్గర 2015 మే నెలాఖరులో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. రోడ్డు మీద పడిపోయినవాడిని వడదెబ్బ అని రాస్తారు. ఇంట్లో తెల్లవారుజామున పక్క మీద పోయినవాడిని గుండె ఆగి పోయాడంటారు. అందుచేత ఇంటి వేడి ఎందరిని తీసుకుపోతోందో లెక్క తేలడం లేదు.

వాతావరణ శాఖ లెక్కల్లో వేడి రాత్రి అనే మాట కూడా ఉంది. పగలు 40 డిగ్రీలు ఉండి, రాత్రి కనిష్ఠం మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే దాన్ని వేడి రాత్రి అంటారు. ఈ మాట మన పత్రికల్లో గానీ, టముకుల్లో గానీ వినబడటం తక్కువ.

మిద్దె పోయి మేడ వచ్చె

నలభై, యాభై ఏళ్ల కిందట ఈ ప్రాంతంలో ఇల్లు అంటే మట్టి మిద్దె. రాతి గోడ, దాని మందం రెండడుగుల దాకా. పైన దూలాలు, దంతెలు, వాటి మీద నాపబండలో కట్టెలో పరిచి, మట్టి పోసి, ఆపైన చౌడు తోలించేవారు. వెలుతురుకూ, పొగ పోవడానికీ గవాక్షి. అంత మందం మట్టిని దాటి ఎండ వేడి లోపలికి దిగేసరికి పొద్దు గూకేది. అప్పటికి ఇంటిల్లిపాదీ పక్కబట్టలు చంకన పెట్టుకుని మిద్దె ఎక్కేవారు. పగలు లోపల, రాత్రి పైన. వేడి ఉన్నచోట మనిషి లేకుండా తప్పించుకునే పద్ధతి అది.

మట్టి మిద్దెలు మళ్లీ కట్టమని చెప్పడం ఈ విలేఖరి ఉద్దేశం కాదు. వానాకాలంలో అవి ఉరిసేవి. ఏటా చౌడు తోలించాలి. తేళ్ల బాధ సరేసరి. మరమ్మతు లేని మిద్దెలు కూలి మనుషులు పోయిన సందర్భాలున్నాయి. అందుకే చేతిలో నాలుగు రూకలు ఆడగానే ప్రతివారూ మేడ కట్టుకున్నారు. తప్పుపట్టవలసింది ఏమీ లేదు.

అయితే మేడ కప్పు మందం నాలుగైదు అంగుళాలు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ సాయంత్రం ఐదారు గంటలకు కప్పు అడుగుకు దిగుతుంది. సరిగ్గా మనిషి పని ముగించుకుని ఇంటికొచ్చే వేళ. ఆ తర్వాత అర్ధరాత్రి దాటేదాకా అది నెత్తిన పెట్టిన పెనం. సిమెంటు రేకుల ఇంటి సంగతి ఇంకొక రకం. రేకు పలచన గనుక పట్టపగలే లోపలివారిని వేపుతుంది. కానీ అదే కారణంతో పొద్దు గూకితే తొందరగా చల్లారుతుంది. రేకుల కింద ఉన్నవారికి గండం మధ్యాహ్నం, మేడలో ఉన్నవారికి రాత్రి.

వీధుల సంగతీ ఇంతే. పాతబజారు సందుల్లో మధ్యాహ్నం నీడ ఉంటుంది. ఎదురుబొదురు గోడలు ఒకదానికొకటి గొడుగు పడతాయి. ఆ వేళ వైఎంఆర్ కాలనీ వైపు, కొర్రపాడు రోడ్డు వైపు వెడల్పాటి వీధుల్లో నడిచేవాడికి నెత్తిన నిప్పులే. రాత్రి తొమ్మిది దాటితే తారుమారు. వెడల్పు వీధుల్లో గాలి ఆడుతుంది, ఆకాశం కనబడుతుంది, వేడి వదులుతుంది. సందు మాత్రం వదలదు.

ఇంకొక విచిత్రం. మన సీమలో మే నెలలో ఊరి చుట్టూ ఉన్న బీడు నేలలు, దున్ని వదిలిన నల్లరేగడి చేలు పట్టపగలు ఊరికంటే ఎక్కువగా కాలతాయి. తడి లేదు, నీడ లేదు. కనుక పగటిపూట ఉష్ణ ద్వీపం ఊరు కాదు, చేను. చేలో కూలీకి పగలు గండం. సందులో నేతగానికి రాత్రి గండం. ఊరంతటికీ కలిపి మధ్యాహ్నం ఇంట్లో ఉండండి అని ఒక్క సలహా చెప్పి ఊరుకుంటే, రేకుల కింద ఉన్నవాడికి ఆ సలహా విషమే అవుతుంది.

మగ్గం గుంతలో, కుంపటి ముందు

చేనేత వీధికి మధ్యాహ్నం వెళితే కిటికీలు మూసి కనిపించాయి. ఇంత ఉక్కలో ఎందుకని అడిగితే, "గాలి కొడితే పోగు ఎండి తెగుతాది సార్, అతుకులేసుకుంటా కూచుంటే పూటకు మూర బట్ట దిగదు" అని ఒక నేత కార్మికుడు చెప్పాడు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకునే గుంత కాస్త చల్లగా ఉంటుంది. దాన్ని తడిపి పెట్టుకుంటారు. నూలుకు తడి కావాలి, మనిషికి గాలి కావాలి. రెండింటిలో ఒకటే దొరుకుతుంది. మనిషి తన వంతు వదులుకుంటున్నాడు. రాత్రి నిద్ర లేనందువల్ల పొద్దున చెయ్యి ఆడడం లేదనీ, నెలకు దిగే చీరలు తగ్గుతున్నాయనీ వారు వాపోతున్నారు.

బంగారు పనివారి సంగతి ఇంతకంటే మెరుగు కాదు. బంగారు వ్యాపారంలో రెండో బొంబాయి అని పేరు మోసిన ఊరిది. వీధి వైపు అంగడి అద్దాల తలుపులతో, ఏసీతో కళకళలాడుతుంది. ఆ నగ అతుకు పెట్టేది వెనక సందులో చిన్న గదిలో. మంట చెదురుతుందని అతుకు పెట్టేటప్పుడు ఫ్యాను ఆపేస్తారు. పొడి ఎగిరిపోతుందని తలుపు దగ్గరకు వేస్తారు. బయటి వేడికి లోపలి మంట తోడు. ముందు అంగడి ఏసీ వెనక సందులోకి వేడి కక్కుతుంటే అది మూడోది.

జమ్మలమడుగులో పగలే రాత్రయ్యేదాకా

ప్రొద్దుటూరు నుంచి ఇరవై కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్న జమ్మలమడుగు చిన్న ఊరు. సందులు ఉన్నా మేడలు అంత ఎత్తు లేవు. పెన్న పక్కనే. ఊరికి ఎగువన మైలవరం జలాశయం, ఇంకా ఎగువన గండికోట జలాశయం ఉన్నాయి. నీళ్లుంటే చల్లగా ఉండాలి కదా అని అనిపిస్తుంది. జలాశయం చలువ దాని గట్టు దాటి ఎంతో దూరం రాదు. ఊరికి వచ్చేది బండల మీదుగా వచ్చే పడమటి గాలి.

ఈ ప్రాంతంలో ఇంటి గోడ, అరుగు, వాకిలి, చేను గట్టు అన్నీ నాపరాయే. కడప బండ పేరుతో దేశమంతటా ఇళ్లలో పరుచుకుంటున్నది ఇదే. దీని రంగు ముదురు. ఎండ తాగడంలో ముదురు రంగుకు సాటిలేదు. ఎర్రగుంట్ల దారి వెంట బండల మిషన్ల దగ్గర కోసిన పలకలు వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటి మధ్య నడిస్తే రెండు వైపులా పొయ్యిలు పెట్టినట్టుంటుంది. మిషను దగ్గర పనివాడికి కనీసం కోత కోసం పోసే నీళ్లు మీద చిందుతాయి. గనిలో బండ లేపేవాడికి అదీ లేదు. గని అంటే గుంత. చుట్టూ రాతి గోడ, పైన సూర్యుడు, గాలి ఆడదు. పట్టణ ఉష్ణ ద్వీపం గురించి చెప్పిన లక్షణాలన్నీ ఒక్క ఇల్లు కూడా లేని ఆ గుంతలో ఉన్నాయి.

గని పనివారు తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించుకునే చోట్లున్నాయి. బండకింత అని కూలి లెక్కగట్టే చోట మాత్రం ఎండెక్కినా పని ఆగదు. "మాకు గడియారం కాదన్నా, బండలెన్ని లేచినాయనేదే లెక్క" అన్నాడొక కార్మికుడు.

ఊళ్లో కొందరు ఈ వేడికంతా కారణం కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రమనీ, సిమెంటు ఫ్యాక్టరీలనీ అంటున్నారు. 1,650 మెగావాట్ల కేంద్రం వేడి పుట్టించదని ఎవరూ అనరు. దాని దుమ్ము, బూడిద వేరే కథ, దాని గురించి వేరే రాయవలసిందే. అయితే ఎత్తయిన గొట్టం నుంచి పోయే వేడి పైకి పోయి చెదిరిపోతుంది. రాత్రి మనిషిని మేల్కొలిపేది తన నెత్తిన ఉన్న కప్పు పగలు తాగిన ఎండే.

పులివెందులలో రెండు ఊళ్లు

పులివెందుల ప్రొద్దుటూరు కంటే నూరు మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఆమాత్రం ఎత్తుకు ఒక డిగ్రీలోపు తేడా. అసలు తేడా తోటలది. చిత్రావతి జలాశయం, పులివెందుల బ్రాంచి కాలువ, బోర్లు, డ్రిప్పు గొట్టాల పుణ్యమా అని చుట్టుపక్కల అరటి, చీనీ తోటలు పచ్చగా ఉన్నాయి. సాయంత్రం ఏడు గంటలకు అరటి తోట గట్టున నిలబడితే ఒంటికి హాయిగా తగులుతుంది. అక్కడి నుంచి బండి మీద పట్టణం నడిబొడ్డుకు వస్తే, వెడల్పాటి సిమెంటు రోడ్డు నుంచి కాళ్లకు సెగ. బీళ్ల మధ్య ఉన్న ఊరికంటే తోటల మధ్య ఉన్న ఊరికి లోపలికీ, బయటికీ తేడా ఎక్కువ కనబడుతుంది. బయట చల్లబడింది గనుక.

ఆ చలువ మీద మరీ ఆశ పెట్టుకోరాదని రైతులు అంటున్నారు. వడగాడ్పు తీవ్రమైతే అరటి ఆకు అంచులు మాడతాయి. నీటిని కాపాడుకోవడానికి ఆకులు తమ రంధ్రాలు మూసుకుంటాయి. ఎప్పుడు ఆవిరి ఎక్కువ కావాలో అప్పుడే తగ్గిపోతుంది.

రోడ్లు వెడల్పు చేసినప్పుడు పోయిన వేప, కానుగ చెట్ల మాట ఈ మూడు ఊళ్లలోనూ పెద్దవాళ్ల నోట వినవచ్చు. వాటికి బదులు రోడ్డు మధ్య గోడలో నాటిన పూలమొక్కలు చూడటానికి బాగున్నాయి. వాటి నీడలో మేక కూడా నిలబడలేదు.

సున్నపురాతి మీద కూర్చుని సున్నానికి కరువు

మన జిల్లా కూర్చున్నదే సున్నపురాతి మీద. ఇక్కడి రాయి సిమెంటై దేశమంతా పోతోంది. అయినా మన కప్పుల మీద ఒక పూత సున్నం లేదు. తెల్లగా సున్నం కొట్టిన కప్పు తన మీద పడిన ఎండలో నూటికి 70, 80 పాళ్లు తిప్పికొడుతుంది. దానివల్ల ఇంటి లోపల రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా వేడి తగ్గుతుందని పలుచోట్ల చేసిన పరీక్షల్లో తేలింది. దుమ్ము పడి నల్లబడుతుంది గనుక ఏటా ఉగాదికి ముందు మళ్లీ కొట్టుకోవాలి. రేకులకు కూడా కొట్టవచ్చు. సిమెంటు రేకు మాత్రం గీకరాదు, పగలగొట్టరాదు. అందులోని రాతినార దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఆ రాతినార గనులు ఒకప్పుడు పులివెందుల దాపునే ఉండేవి గనుక ఇది ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

2010 మే నెల ఎండలకు పెద్ద సంఖ్యలో జనాన్ని పోగొట్టుకున్న అహమ్మదాబాదు నగరం 2013లో వేడిని ఎదుర్కొనే ప్రణాళిక వేసుకుంది. ముందు హెచ్చరికలు, ఆసుపత్రుల్లో ఏర్పాట్లు, మంచినీళ్లు, తోటలు ఎక్కువ గంటలు తెరచి ఉంచడం అందులోనివే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. ఇవన్నీ పెద్ద నగరాలకే అనుకోవడానికి లేదు. పైన చెప్పిన కెనడా శాస్త్రవేత్త లెక్క చూస్తే మన ఊళ్లకూ అక్కరే.

చలివేంద్రాలు పెడుతున్నారు, పందిళ్లు వేస్తున్నారు. సంతోషమే. అవన్నీ పగటి పనులు. సాయంత్రానికి కుండలు లోపల పెట్టి తాళం వేస్తారు. రాత్రి సందులో మేలుకున్నవారికి కావలసినవి వేరు. ఆటస్థలమున్న బడులను వేసవి సెలవుల్లో రాత్రిపూట తెరిచి, ఒక దీపం, ఒక నీళ్ల తొట్టి, ఒక కాపలాదారును పెడితే ఇరుకు సందులవారు అక్కడ పడుకోగలరు. పార్కులనూ అలాగే రాత్రి పొద్దుపోయేదాకా తెరచి ఉంచవచ్చు. ఆడవారు పడుకునే చోటుకు కాపలా తప్పనిసరి. అది లేకుండా ఎవరూ రారు. మరమ్మతుల పేరుతో కరెంటు తీయవలసివస్తే పొద్దున తీయాలి గానీ రాత్రి పది, పన్నెండు మధ్య తీయరాదు. మరీ ముఖ్యంగా, ఊరి నడుమ రెండు మూడు సందుల్లో రాత్రి ఉష్ణోగ్రత కొలిచి, పగటి అంకె పక్కన దాన్ని కూడా ప్రకటించాలి. పురపాలక సంఘానికి ఇది భారమయ్యే ఖర్చు కాదు. కాలేజీ పిల్లలకు నాలుగు ఉష్ణమాపకాలు ఇచ్చినా చేసి పెడతారు.

వైద్యులు చెబుతున్న ఒక్క మాట ఇక్కడ అవసరం. ఒళ్లు పొయ్యిలా కాలుతూ, మాట తడబడుతూ, పిచ్చిచూపులు చూస్తుంటే అది మామూలు నీరసం కాదు, వడదెబ్బ. చెమట పట్టిందా లేదా అని చూస్తూ కూర్చోరాదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోస్తూ, విసురుతూ 108కి కబురు చేయాలి. తెలివిలేని మనిషి నోట్లో నీళ్లు పోయరాదు. ఇది పగలే కాదు, రాత్రి పక్క మీద ఉన్నవారికీ రావచ్చు.

కత్తెర ఎండలు ముగిసినా రోహిణి కార్తె ఉంటుంది. ఏటి ఒడ్డు నుంచి తిరిగి వచ్చి ఈ విలేఖరి ఆ సందులోనే ఒక అరుగు మీద తెల్లవార్లూ కూర్చున్నాడు. ఒంటిగంటకు గోడ ఇంకా వెచ్చగానే ఉంది. మూడింటికి ముసలమ్మ కునికింది. నాలుగున్నరకు గోడ చేతికి చల్లగా తగిలింది. కుళాయి వచ్చే వేళయిందని ఆడవారు బిందెలతో లేచారు. ఆరు గంటలకల్లా ఎదురింటి రెండో అంతస్తు మీద ఎండ పడింది.